అప్‌డేట్: పాత పెనంతో పని జరిగింది

కెమెరా ట్రైపాడ్ కిందికి దిగట్లేదు, నీటి అంచున తిరిగే పిట్టల్ని వాటి కంటి ఎత్తులో ఫొటో తీయడానికి ఇంట్లోనే ఏం చేసుకోవచ్చని పోయిన నెల అడిగాను కదా. కెమెరా కింద బియ్యం సంచి గానీ, అంచున్న పెనం గానీ పెట్టమన్నారు. రెండూ చేశాను.

సంచి బురదలో తడిసి బరువెక్కింది. పెనమే పనికొచ్చింది. కోటింగ్ పోయిన నాన్‌స్టిక్ పెనానికి పిడి తీసేసి, మధ్యలో రంధ్రం వేయించి, 3/8 అంగుళాల బోల్టు కింద నుంచి ఎక్కించి బాల్ హెడ్ (కెమెరాను ఎటైనా తిప్పి నిలిపే భాగం) బిగించాను. రబ్బరు వాషర్ మాత్రం తప్పకుండా వేయండి, లేకపోతే లెన్స్ బరువుకు హెడ్ తిరిగిపోతుంది. బురద మీద తోస్తే పెనం పడవలా జారుతుంది!

ఆదివారం హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ చెరువు దగ్గర గంటసేపు బోర్లా పడుకున్నాను. లిటిల్ రింగ్డ్ ప్లోవర్ అనే చిన్న పిట్ట ఒకటి తనంతట తనే దగ్గరికొచ్చింది. కంటి చుట్టూ పసుపు వలయం, ముక్కుకు అంటిన బురద కూడా స్పష్టంగా వచ్చాయి. సలహా ఇచ్చినవాళ్లకు చాలా థ్యాంక్సండీ.