కొలోడియన్ ఫోటో చూసి మొక్క జాతి తేల్చవచ్చా?

రేలచెట్టు: సిలోన్ (నేటి శ్రీలంక)లోని పెరదేనియ వృక్షశాస్త్ర తోటలో 1870లలో చార్లెస్ స్కోవెన్ లాంటి ఫోటోగ్రాఫర్లు తీసిన కొలోడియన్ ఫోటోలను జాతి నిర్ధారణకు సాక్ష్యంగా తీసుకోవాలన్నది నా వాదన. చిత్రకారుడు తనకు ముఖ్యమనిపించిందే గీస్తాడు. కెమెరాకు ఆ పక్షపాతం లేదు.

తడిపలక: ఉంది, అదీ రంగుల విషయంలో. కొలోడియన్ అంటే ఈథర్, ఆల్కహాల్‌లలో నైట్రోసెల్యులోజ్ కరిగించిన జిగురు; అయోడైడు, బ్రోమైడు కలిపి దాన్ని గాజుపై పోసి సిల్వర్ నైట్రేట్‌లో మూడు నాలుగు నిమిషాలు ముంచితే వచ్చే పొర నీలం, ఊదా, అతినీలలోహిత కాంతికే స్పందిస్తుంది. పసుపు, ఎరుపు దానికి చీకటే. మీ రేలపూలు, మందారాలు నల్లగా పడతాయి, శంఖుపుష్పం లేతగా వస్తుంది. ముదురాకుల ఈనెలు నలుపులో కలిసిపోతాయి. ఇక దేన్ని చూసి తేలుస్తారు? అంతకు ఎన్నో ఏళ్ల ముందే సామర్లకోటలో వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ మన చిత్రకారులతో గీయించిన బొమ్మల్లో పువ్వును విడదీసి ఒక్కో భాగం పక్కనే చూపించారు. నా ఓటు వాటికే.

రేలచెట్టు: శ్రీతాళం మాటేమిటి? జీవితంలో ఒక్కసారే పూస్తుంది, కాయలు పండాక చచ్చిపోతుంది. కొన్ని మీటర్ల ఎత్తున లేచే ఆ పూగుత్తి ఎండబెట్టిన మొక్కల్ని అతికించే ఏ హెర్బేరియం అట్ట మీద పడుతుంది? రబ్బరు మర్రి వేళ్ల అల్లిక కూడా అంతే. చెట్టు నిలువెత్తు రూపానికి ఫోటోను మించింది లేదు.

ఎండపొడ: రూపం వరకు ఒప్పుకుంటాను. ఆకు అంచుల దగ్గర మాత్రం జాగ్రత్త. ఈథర్ 35 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి ఉష్ణదేశపు ఎండలో కొలోడియన్ పోస్తుండగానే గట్టిపడి చారలు కడుతుంది. అందుకే ఈథర్ తగ్గించి ఆల్కహాల్ పెంచేవారు. బొమ్మను బయటికి తెచ్చే ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం (డెవలపర్)లో ఎసిటిక్ ఆమ్లం చాలకపోతే ప్లేటంతా మసక. తడి ఆరకముందే డెవలప్ చెయ్యాలి, కానీ చెట్ల నీడలో నీలి కాంతి తక్కువ, ఎక్స్‌పోజర్ సాగుతుంది. ఈలోగా గాలికి ఆకు కదిలితే రంపపు అంచు నున్నగా కనబడుతుంది. నున్నటి అంచున్న జాతి అని పొరబడేది అక్కడే.

రేలచెట్టు: 1880 తర్వాత జెలటిన్ పూసిన, తడి అక్కర్లేని ప్లేట్లు వచ్చాయి కదా?

తడిపలక: ఎక్స్‌పోజర్ తగ్గింది, ఆరిపోతుందన్న తొందరా పోయింది. ఇతర రంగుల కాంతికీ స్పందించేలా ప్రత్యేక రంగుద్రవ్యం కలపని ప్లేటైతే ఎరుపు అప్పుడూ నలుపే. అనుమానముంటే అదే మొక్కను ఇప్పుడు డిజిటల్‌లో తీసి, నీలి ఛానెల్ ఒక్కటే ఉంచి పాత ప్రింటు పక్కన పెట్టండి. అతినీలలోహితం అందులో రాదు గనక అచ్చం అలాగే ఉండదు, కానీ ఏ నలుపు నీడ వల్ల, ఏది రంగు వల్ల అన్నది చాలావరకు తెలుస్తుంది.