పిగ్మీ పాసమ్, బోగాంగ్ రెక్కల పురుగు: పక్కపక్కన పెట్టి ఎలా చూపించాలి?

ప్రశ్న (చీపురుపల్లి):
ఎనిమిదో తరగతి సైన్స్ చార్టులో ఆస్ట్రేలియా మౌంటెన్ పిగ్మీ పాసమ్‌నీ (పొట్ట సంచిలో పిల్లల్ని పెంచే, ఎలుకలాంటి చిన్న కొండ జంతువు), అది తినే బోగాంగ్ రెక్కల పురుగునీ పోల్చాలి. పొడవు, బరువు రాసేసరికి చార్టు ఆగిపోయింది. ఇంకేం పెట్టాలి? బోగాంగ్ లద్దెపురుగు పంట కొరుకుతుంది కదా, తగ్గిపోతే మంచిదే అని పిల్లలంటే ఏం చెప్పాలి?

జవాబు 1 (శ్రీకాకుళం):
మాస్టారూ, బరువుకి ఒక్క వరస చాలు: పాసమ్ సుమారు 45 గ్రాములు, పురుగు గ్రాములో మూడో వంతు. చార్టంతా నెలల మీద నడపండి. పన్నెండు గడులు గీసి పైన పాసమ్, కింద పురుగు.

పాసమ్ మంచు కింద, బండల సందుల్లో 5 నుంచి 7 నెలలు పడుకుంటుంది. ఒంటి వేడి 2 డిగ్రీల దాకా దిగిపోతుంది. వసంతంలో, అంటే సెప్టెంబరు, అక్టోబరుల్లో, చిక్కి లేస్తుంది. సరిగ్గా అప్పుడే పురుగులు మైదానాల నుంచి, కొన్నయితే వెయ్యి కిలోమీటర్లు, రాత్రిళ్లు ఎగిరి పాసమ్ ఉండే కొండలకే చేరతాయి. పొడి బరువులో సగానికి పైగా కొవ్వే. ఇక వాటి వేసవి నిద్ర మొదలు: గుహ గోడ మీద చదరపు మీటరుకి 17 వేలు, పెంకులు పేర్చినట్టు. ఒకదాని నిద్ర ముగిసి రెండోదాని నిద్ర మొదలయ్యే చోట ఎర్ర గీత గీయండి, పోలిక అక్కడే ఉంది.

మనకి సంక్రాంతి చలి, వాళ్లకి నడివేసవి. ఈ మాట చార్టు నెత్తినే రాయకపోతే పిల్లలు తికమకపడతారు.

జవాబు 2 (విజయనగరం):
సంతానం గడి వదలొద్దు. పురుగు 2000 గుడ్ల దాకా పెడుతుంది. పాసమ్‌కి ఏడాదికి ఒకే కాన్పు, సంచిలో చన్నులు నాలుగే, అంతకంటే ఎక్కువ పిల్లలు బతకవు. 2017 నుంచి 2019 కరువులో మైదానాలు ఎండిపోయి పురుగులు దాదాపు రాలేదు. తల్లులకి పాలు చాలక సంచిలోని పిల్లలు చాలా చనిపోయాయి. పురుగు మళ్లీ పెరగ్గలదు, పాసమ్ అంత తొందరగా తేరుకోలేదు. చీడ అన్నమాట నిజమే, దాచకండి. కింద మైదానాల్లో చీడ, పైన కొండల్లో మేత.

జవాబు 3 (రణస్థలం):
మన మొక్కజొన్నలో లేత మొక్కల మొదలు కొరికే నల్ల లద్దెపురుగు దీనికి దగ్గర చుట్టమే, రెండూ అగ్రోటిస్ ప్రజాతివే. తెగిపడిన మొక్క చుట్టూ పొద్దున్నే రెండు వేళ్ల లోతు మట్టి కదిపితే చుట్ట చుట్టుకుని దొరుకుతుంది. పిల్లలకి చూపించాలంటే ఒక్కో డబ్బాలో ఒక్కటే వెయ్యండి, రెండుంటే కొరుక్కుంటాయి. అడుగున నాలుగు వేళ్ల మందం మట్టి పోయండి, అందులోకి దూరి గూడు కడుతుంది. మట్టి పిడికిట్లో ముద్దయితే తడి ఎక్కువైనట్టే, బూజు పట్టి చస్తుంది. డబ్బా చీటీ మీద మాత్రం బోగాంగ్ అని రాయకండి.