సాదా నేతలో రంగుల అమరికతోనే నమూనా తీయడం ఎలా?

ప్రశ్న (కొత్త నాడె):
అందరికీ నమస్కారం. అంగుళానికి పది పడుగు పోగులు (నిలువు పోగులు) పట్టే చిన్న బల్ల మగ్గం మీద ఆరు నెలలుగా నూలుతో సాదా నేత (ఒక పోగు పైనుంచి, మరో పోగు కిందనుంచి అల్లే నేత) నేర్చుకుంటున్నాను. మొన్న ఎరుపు పడుగులో ఆకుపచ్చ పేక (అడ్డపోగు) వేసి కండువా నేస్తే, నూలు చుట్టిన కండెల మీద జిగేలుమన్న ఆ రెండు రంగులూ బట్టలోకి వచ్చేసరికి ఇటుకపొడి కలిపిన బురదలా తేలాయి. గళ్లు నేసినా చదరంగా రాక పొట్టిగా వస్తున్నాయి. డాబీ, జకార్డు (నమూనా కోసం కావలసిన పడుగు పోగులను ఎంచి లేపే పరికరాలు) లేకుండా చెప్పుకోదగ్గ నమూనా ఏదైనా తీయవచ్చునా?

జవాబు (పడుగుపేక):
సాదా నేతలో పడుగూ పేకా దాదాపు సమానంగా పైకి కనిపిస్తాయి కనుక, దూరం నుంచి చూసే కన్ను ఆ చుక్కలను విడదీయలేక రెండింటినీ కలిపేస్తుంది; ఎరుపు, ఆకుపచ్చ కలిస్తే మట్టిరంగే మిగులుతుంది. పట్టుచీరలో నీలం, ఆకుపచ్చ కలిసి నెమలికంఠం రంగై మెరవడానికి పోగుకున్న నిగనిగ కూడా కారణం. నూలులో ఆ సాయం తక్కువ. అందుచేత ఏ రంగులన్నదానికంటే, వాటిలో ఒకటి ముదురుగా, మరొకటి లేతగా ఉన్నాయా అన్నది ముందు చూసుకోండి. రెండు కండెలనూ పక్కపక్కన పెట్టి ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీస్తే, మీ ఎరుపు, ఆకుపచ్చ ఒకే బూడిదరంగులో కనిపించినా ఆశ్చర్యం లేదు.

ఇక నమూనా సంగతి. పడుగులో ఒక నలుపు, ఒక తెలుపు పోగు చొప్పున వరుసగా పోయండి. పేక కూడా అలాగే మార్చి మార్చి వేయండి. నల్ల పడుగు లేచినప్పుడు నల్ల పేకే వేస్తే ఆ వరుస మొత్తం నల్లగా, తరువాతిది మొత్తం తెల్లగా వచ్చి అడ్డగీతలు ఏర్పడతాయి. అదే నల్ల పడుగు లేచినప్పుడు తెల్ల పేక వేస్తే, అవే పోగులు నిలువుగీతలవుతాయి! పడుగులో ఇరవై ఒక్క పోగులకొకసారి రెండు నల్లపోగులను పక్కపక్కన పడనిస్తే అక్కడినుంచి వరుస తిరగబడి, అడ్డగీతల గడి పక్కన నిలువుగీతల గడి వస్తుంది. పేకలోనూ అలాగే తిప్పితే చాప అల్లినట్టుండే నమూనా తయారవుతుంది. దీనిని లాగ్ క్యాబిన్ అంటారు.

జవాబు (గళ్ల రుమాలు):
గళ్లు పొట్టిగా రావడానికి కారణం బిగువు. మగ్గం మీద లాగి ఉన్న పడుగు, బట్ట దించగానే ముడుచుకుంటుంది కనుక, మగ్గం మీద గడి కాస్త పొడవుగా కనిపించేలా నేయాలి. ఒక చిన్న ముక్క నేసి, ఉతికి, ఆరాక కొలిస్తే ఎంత పొడవు కలుపుకోవాలో తెలుస్తుంది. అన్నట్టు, ఎరుపు తెలుపు గళ్లలో రెండూ కలిసే చోట గులాబీ ఛాయ ఉచితంగా దొరుకుతుంది, దానికి వేరే కండె అక్కరలేదు.

ప్రశ్న (కొత్త నాడె):
ఇద్దరికీ ధన్యవాదాలు. చాప నమూనా మొదలుపెట్టాను, గడులు స్పష్టంగా వస్తున్నాయి. అయితే రెండు నాడెలు (పేకను అటూ ఇటూ తీసుకుపోయే సాధనాలు) మార్చి మార్చి వేస్తుంటే అంచున చివరి పడుగు పోగు నేతలో పడకుండా వదులుగా ఉండిపోతున్నది.

జవాబు (పడుగుపేక):
నాడె మార్చిన ప్రతిసారీ, అంచు దగ్గర కొత్త పేకను పాత పేక చుట్టూ ఒకసారి మెలివేసి లోపలికి పంపండి.