మ్యూజిక్ వీడియో ప్రాజెక్ట్: జానర్ కన్వెన్షన్లు ఎంతవరకు పాటించాలి?

తొలి_క్లాప్
అందరికీ నమస్తే. మా టీమ్ నలుగురం, కోర్సు ప్రాజెక్ట్ కోసం ఒక రాక్ పాటకి వీడియో తీస్తున్నాం, పాట మూడున్నర నిమిషాలు. ఏ కన్వెన్షన్లు (ఆ జానర్ వీడియోల్లో మామూలుగా కనబడే పద్ధతులు) వాడాం, వేటిని కావాలని వదిలేశాం, ఎందుకు వదిలేశాం అని ఫైల్‌లో రాయాలి. పన్నెండు వీడియోలు చూసి లిస్టు రాసుకున్నాం: బ్యాండ్ వాయిస్తూ కనబడటం, ఖాళీ గోడౌన్ లాంటి చోటు, వెనక నుంచి లైటు, చేత్తో పట్టుకున్న కెమెరా, గబగబా కట్లు, సింగర్ క్లోజప్‌లు. అన్నీ పెడితే కాపీ కొట్టినట్టు ఉంటుంది, తీసేస్తే అసలు రాక్ వీడియోలాగే అనిపించదు. మీరెలా తేల్చుకున్నారు?

ఎడిట్_టేబుల్
లిస్టులో ప్రతిదాని పక్కనా అది ఏం పని చేస్తుందో రాయండి, అప్పుడు తేలిపోతుంది. క్లోజప్‌నే తీసుకోండి. మ్యూజిక్ వీడియోల్లో ఆర్టిస్ట్ క్లోజప్‌లు అన్ని ఉండటానికి రికార్డ్ కంపెనీ అవసరం కూడా ఒక కారణమని మ్యూజిక్ వీడియోల మీద పుస్తకం రాసిన ఆండ్రూ గుడ్‌విన్ 1992లోనే రాశాడు, ఆ ముఖాన్ని జనానికి గుర్తుండేలా చేసి అమ్ముకోవాలి కాబట్టి. మీకు కంపెనీ లేదు కదా, మరి మీకెందుకు? సింగర్ గొంతు చించుకునే లైన్‌లో మెడ నరాలు కనబడాలి అనుకుంటే ఆ లైన్‌కే దాచిపెట్టుకోండి. మొదటి నిమిషంలోనే ముఖం నాలుగుసార్లు చూపించేస్తే ఆ లైన్ వచ్చేసరికి ఇంకేం మిగలదు.

డ్రమ్స్_వెనక
నేను వాయించేవాణ్ణి, తీసేవాణ్ణి కూడా, అందుకే ఇది గట్టిగా చెబుతున్నా. రాక్‌లో బ్యాండ్ పర్ఫార్మెన్స్ పెడితే అది నిజంగా వాయిస్తున్నట్టు ఉండాలి. మా మొదటి షూట్‌లో స్పీకర్లో పాట వినబడాలని డ్రమ్మర్ని మెల్లగా కొట్టమన్నాం. ఎడిట్‌లో చూస్తే సౌండ్ దద్దరిల్లిపోతోంది, సింబల్ (డ్రమ్స్‌లో ఉండే లోహపు పళ్లెం) మాత్రం కదలట్లేదు! స్టిక్ తగిలీ తగలనట్టు తగిలి వెనక్కి వస్తోంది. గిటార్ సోలోలో చెయ్యి ఒక చోట, వినబడే స్వరం ఇంకో చోట. రాక్ వినేవాళ్లు ముందు చూసేది ఆ చేతులనే. రెండో షూట్‌లో డ్రమ్మర్ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి గట్టిగా కొట్టించాం, అప్పటికి గానీ వీడియోకి ప్రాణం రాలేదు.

లో_యాంగిల్
మాది ర్యాప్. వైడ్ లెన్స్ పెట్టి కింద నుంచి తీశాం, ర్యాప్ వీడియోల్లో మామూలే కదా. కానీ పాటేమో కొడుకు అమ్మని క్షమాపణ అడిగే పాట. రఫ్ కట్ (మొదటి ఎడిట్) చూస్తే ఆ ర్యాపర్ గర్వంగా, ఎత్తుగా, ఎవరికో సవాలు విసురుతున్నట్టు కనబడ్డాడు. మాటలకి ఎదురుగా దృశ్యం పెట్టడం తప్పేం కాదు, కానీ మేం అనుకుని చేసింది కాదది. చరణాలు కళ్ల ఎత్తులో మళ్లీ తీశాం, లో యాంగిల్ హుక్‌లో (మళ్లీ మళ్లీ వచ్చే లైన్‌లో) మాత్రమే ఉంచాం, వాడు పైకి బింకంగా ఉండే చోటు అదే కాబట్టి. నాకు దాంట్లో అన్నిటికంటే నచ్చిన భాగం ఆ తేడానే.

ఎడిట్_టేబుల్
గబగబా కట్ల గురించి కూడా ఒక మాట. మీ పాట 120 బీపీఎం, అంటే నిమిషానికి 120 బీట్లు అనుకోండి, సెకనుకి 24 ఫ్రేముల్లో తీస్తే బీట్‌కి 12 ఫ్రేములు, నాలుగు బీట్ల బార్‌కి సరిగ్గా రెండు సెకన్లు. ప్రతి బీట్‌కీ కట్ వేస్తే పది సెకన్లకే కన్ను అలిసిపోతుంది. చరణంలో బార్‌కి ఒకటో రెండో చాలు, కోరస్‌లో పెంచండి. స్లో మోషన్‌లో లిప్ సింక్ కావాలంటే పాటని రెట్టింపు వేగంతో ప్లే చేసి, సింగర్‌ని దానికి తగ్గట్టు పాడమని 48 ఫ్రేముల్లో తీయండి, 24కి తెస్తే పెదాలు అసలు పాటతో కలుస్తాయి.

నీలి_జెల్
స్ట్రోబ్ లైట్ పెట్టే ఆలోచన ఉంటే సెకనుకి మూడు మెరుపులు దాటనివ్వొద్దు, ఫోటోసెన్సిటివ్ ఎపిలెప్సీ (మెరిసే లైట్ల వల్ల మూర్ఛ రావడం) ఉన్నవాళ్లకి ప్రమాదం.

తొలి_క్లాప్
చాలా థాంక్స్ అండీ. టీమ్ అంతా కూర్చుని మళ్లీ చూశాం. బ్యాండ్, వెనక లైటు, చేతి కెమెరా ఉంచుతున్నాం, గోడౌన్ తీసేశాం, అది ఎందుకు కావాలో మాలో ఎవ్వరం చెప్పలేకపోయాం. పాట మూడో నిమిషం దగ్గర డ్రమ్స్ ఆగిపోయి గొంతు ఒక్కటే ఇరవై సెకన్లు వినబడుతుంది, అక్కడ కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టి ఒకే షాట్‌లో వదిలేద్దామని ఉంది. కట్ ఉండదు. రాక్ వీడియోలో అంతసేపు నిలబెట్టొచ్చా?

డ్రమ్స్_వెనక
నిలబెట్టండి, అంతవరకు కెమెరా కదులుతూనే ఉంటే ఆ ఆగడం తెలుస్తుంది. కాకపోతే ఆ ఇరవై సెకన్లు ఇంకో యాంగిల్‌లో కూడా ఒకసారి తీసి దగ్గర పెట్టుకోండి.