సెల్ఫ్ డ్రైవింగ్ కారు: నడిచేదా, నడిపేదా?

ప్రశ్న: సెల్ఫ్ డ్రైవింగ్ కారును ఒకరు ‘స్వయంచాలిత వాహనం’ అంటున్నారు, ఒకరు ‘డ్రైవర్ రహిత కారు’ అంటున్నారు, ఇంకొకరు ‘దానంతటదే నడిచే కారు’ అని రాస్తున్నారు. పోనీ ‘సెల్ఫ్ డ్రైవ్’ అనే ఉంచేద్దామంటే, అద్దెకు తీసుకుని మనమే నడుపుకునే కారుకు ఆ పేరు ఎప్పుడో స్థిరపడిపోయింది. వీటిలో అర్థం చెడనిది ఏది?

జవాబు: ముందు క్రియ సంగతి తేల్చుకోవాలి. ఆగు–ఆపు, తిరుగు–తిప్పు లాగే నడుచు–నడుపు. కారు నడుస్తుంది, దాన్ని ఎవరో నడుపుతారు. ‘దానంతటదే నడిచేది’ అంటే గుర్రం కట్టక్కర్లేని ప్రతి బండీ వస్తుంది. ఆటోమొబైల్ అన్న మాట పుట్టిందే ఆ అర్థంతో. ఇప్పుడు కొత్తగా వచ్చింది నడవడం కాదు, నడపడం.

‘స్వయంచాలిత’లో ఆ తేడా ఉంది. చలితం అంటే కదిలినది, చాలితం అంటే కదిలించబడినది. ఆ దీర్ఘం తీసేసి ‘స్వయంచలిత’ అని రాస్తే మళ్లీ మొదటికొస్తాం.

ఇదేదో వ్యాకరణం పట్టింపు అనుకోకండి. 2018 మార్చిలో అరిజోనాలోని టెంపీలో, సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను ఉబర్ పరీక్షిస్తున్న సెల్ఫ్ డ్రైవింగ్ కారు ఢీకొట్టింది. ఆమె చనిపోయింది. ఢీకొట్టడానికి 5.6 సెకన్ల ముందే సెన్సర్లు ఆమెను పసిగట్టాయి. సాఫ్ట్‌వేర్ మాత్రం ఒకసారి వాహనమని, ఒకసారి సైకిలని, ఒకసారి ఇంకేదో అని లెక్కలు మార్చుకుంటూ పోయింది. ఆ కారును వోల్వో తయారుచేసినప్పుడే పెట్టిన అత్యవసర బ్రేకు వ్యవస్థ, కంప్యూటర్ నడుపుతున్నంతసేపూ పనిచేయకుండా ఆపేసి ఉంది. చివరికి కేసు ఎదుర్కొన్నది డ్రైవరు సీట్లో పర్యవేక్షణకు కూర్చున్న ఉద్యోగిని. కంపెనీ మీద క్రిమినల్ కేసు పెట్టలేదు. ‘కారు దానంతటదే నడుస్తూ ఢీకొట్టింది’ అని మనం రాస్తే, నడిపినది ఎవరన్న ప్రశ్నకు వాక్యంలో చోటే ఉండదు.

మరో సభ్యురాలు: ‘డ్రైవర్ రహిత’ తేలిగ్గా ఉంది కదండీ, అందరికీ తెలుస్తుంది.

జవాబు: అమెరికాలో తిరిగే వేమో కంపెనీ ట్యాక్సీలకు అది సరిగ్గా సరిపోతుందండీ, వాటి డ్రైవరు సీట్లో నిజంగానే ఎవరూ ఉండరు. కానీ నడిపే పనిలో యంత్రం వాటా ఎంతో చెప్పడానికి ఎస్‌ఏఈ అనే వాహన ఇంజినీర్ల సంస్థ 0 నుంచి 5 దాకా పెట్టిన స్థాయుల్లో 2వది చూడండి. స్టీరింగ్, వేగం రెండూ కారే చూసుకుంటుంది, అయినా మనిషి కళ్లు రోడ్డు మీదే ఉండాలి, బాధ్యత అతనిదే. టెస్లా తన ‘ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్’ పేరు పక్కన 2024లో ‘సూపర్‌వైజ్డ్’ (మనిషి పర్యవేక్షణలో) అని చేర్చింది. అలాంటి కారును ‘డ్రైవర్ రహితం’ అంటే చదివినవాడు స్టీరింగ్ వదిలేసి నిద్రపోవచ్చు. 3వ స్థాయిలో ఇంకో మెలిక: ప్రయాణం మధ్యలోనే కర్త మారతాడు. కాసేపు యంత్రం నడుపుతుంది, అది పిలిస్తే మనిషి అందుకోవాలి.

ఆమే మళ్లీ: మరి ‘తనను తాను నడుపుకునే కారు’ అంటే?

జవాబు: వ్యాకరణానికి లోటు లేదు. కానీ ‘ఆటో నడుపుకుంటున్నాడు’ అంటే దాని మీద బతుకుతున్నాడని కదా మన చెవికి వినబడేది. కారుకు ఆ బాధ లేదు. నేనైతే, మనిషి అందుకోవాల్సిన పని లేని 4, 5 స్థాయులకు ‘కంప్యూటర్ నడిపే కారు’ అంటాను, 2కు ‘డ్రైవరుకు సాయపడే కారు’. 3కు ఒక్క మాటలో పేరు నాకింకా తట్టలేదు. తట్టినవారు చెప్పండి, కర్త ఇద్దరన్న సంగతి మాత్రం అందులో పోకూడదు.