అయిదేళ్లు మన్నుతుందన్న స్టిక్కర్ అయిదు నెలలకే లేస్తే తప్పు ఎవరిది?

పంపులవాడు:
మేము చిన్న నీటి పంపులు తయారుచేస్తాం. పేరు, వరుస సంఖ్య, విద్యుత్ హెచ్చరిక అన్నీ వినైల్ అనే ప్లాస్టిక్ పొర స్టిక్కర్ల మీదే అచ్చు వేయిస్తాం. ఆరుబయట అయిదేళ్లు ఉంటాయని అచ్చువేసినవారు మాట ఇచ్చారు. అయిదు నెలలు గడిచేసరికి పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ మూతల మీద అంటించినవాటి అంచులు లేచి, వాటి కింద దుమ్ము చేరింది. అదే చుట్టలోంచి తీసి ఇనుప కాళ్ల మీద అంటించినవి మాత్రం చెక్కుచెదరలేదు. కాస్ట్ వినైల్‌కు మారితే సమస్య తీరుతుందని ఇప్పుడు వారు అంటున్నారు. దాని ఖర్చు చాలా ఎక్కువ. మారాలా, వద్దా?

అచ్చుశాల:
మారండి. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాడిగా చెబుతున్నాను. మామూలు వినైల్‌ను క్యాలెండర్డ్ అంటారు. మెత్తబడిన పదార్థాన్ని వేడి రోలర్ల మధ్య నొక్కి, లాగి పొరగా చేస్తారు. లాగినప్పటి బిగువు అందులోనే ఉండిపోతుంది. ఎండ తగిలినప్పుడల్లా ఆ పొర పాత కొలతకు ముడుచుకోవాలని చూస్తుంది. అంచు చుట్టూ సన్నటి నల్ల గీత కనిపిస్తే పొర వెనక్కి పోయిందని, బయటపడ్డ జిగురుకు దుమ్ము పట్టిందని అర్థం. కాస్ట్ వినైల్‌ను ద్రవంగా పోసి, ఓవెన్‌లో ఆరబెడతారు. దాన్ని ఎవరూ లాగలేదు కాబట్టి ముడుచుకోవడం చాలా తక్కువ. మందం కూడా సుమారు 50 మైక్రాన్లే. క్యాలెండర్డ్ అయితే 75 నుంచి 100 దాకా ఉంటుంది. చవక క్యాలెండర్డ్‌లో మోనోమెరిక్ రకం మరీ అన్యాయం. దాన్ని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ కాలక్రమంలో బయటికి వచ్చేస్తుంది, పొర పెళుసుబారుతుంది.

గోదాము గుమస్తా:
అచ్చుశాల గారూ, మీరు చెప్పిన శాస్త్రం నిజమే, కానీ ఈ కేసులో ముద్దాయి వేరే. ఒకే చుట్టలోని స్టిక్కర్ ఇనుము మీద నిలిచి, ప్లాస్టిక్ మీద లేచిందని పంపులవాడు గారే చెప్పారు కదా. తప్పు పొరదే అయితే రెండు చోట్లా లేవాలి. పాలీప్రొపిలీన్ మీద చుక్క నీరు వేసి చూడండి, తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా నిలుస్తుంది. జిగురు పరిస్థితీ అంతే, అది పరుచుకోదు, కాబట్టి పట్టుకోదు. దీన్నే ఉపరితల శక్తి తక్కువగా ఉండటం అంటారు. పాలీప్రొపిలీన్‌కు మీటరుకు సుమారు 30 మిల్లీన్యూటన్లు ఉంటుంది, లోహాలకు దానికి ఎన్నో రెట్లు. ఇలాంటి ప్లాస్టిక్‌ల కోసమే ఎక్కువ పట్టున్న జిగురు వేసిన ఫిల్మ్‌లు, అంటే స్టిక్కర్ పొరలు, వేరుగా దొరుకుతాయి. పంపులవాడు గారు డబ్బు పెట్టాల్సింది అక్కడ. అయిదేళ్లన్న మాట ఫిల్మ్ గురించే. అది ఏ గోడకు అంటుకుంటుందో ఆ మాటలో ఎక్కడా లేదు.

అచ్చుశాల:
జిగురు బలహీనంగా పట్టుకున్న చోటే ముడుచుకునే పొర అంచును ఎత్తేస్తుందండీ. ఇనుము మీద జిగురు గట్టిగా పట్టుకుంది కాబట్టి ఆ లాగుడు కనిపించలేదు, అంతే. నేను పొరను మాత్రమే నిందించడం లేదు. అది ఏ తప్పూ చేయలేదంటే మాత్రం ఒప్పుకోను. పైగా ఎక్కువ పట్టున్న జిగురుతో ఒక తలనొప్పి ఉంది. వంకరగా అంటిస్తే మళ్లీ తీసి సరిచేయడం దాదాపు అసాధ్యం. కొత్త పనివాడి చేతికిస్తే సగం స్టిక్కర్లు చెత్తబుట్టకే.

ఎదురుప్రశ్న:
ఇద్దరూ వినైల్ చుట్టూనే తిరుగుతున్నారు. వరుస సంఖ్యకు వినైల్ ఎందుకు? పాలియెస్టర్ లేబుల్ మీద రెజిన్ రిబ్బన్‌తో, అంటే రిబ్బన్ మీది సిరాను వేడితో లేబుల్‌కు ఎక్కించే థర్మల్ ట్రాన్స్‌ఫర్ పద్ధతిలో అచ్చు వేస్తే రాపిడికీ నూనెకూ బాగా తట్టుకుంటుంది, ముడుచుకోదు. అయితే అది బిరుసు, గుండ్రటి చోట పనికిరాదు. వంపులున్న చోట వినైల్‌దే పైచేయి. ఒక్కో స్టిక్కర్‌కు ఒక్కో పని ఉన్నప్పుడు అన్నింటికీ ఒకే చుట్ట వాడటం నాకు అర్థం కాదు. మూడు నెలల్లో ఖాళీ అయ్యే సీసాకు పదేళ్ల ఫిల్మ్ అంటించేవారిని కూడా చూశాను!

ఇంకొక మాట. ఎన్నేళ్లు అని అడగకండి, ఏ పరీక్షలో నెగ్గింది అని అడగండి. ఓడల్లో వెళ్లే రసాయన పీపాల లేబుళ్లకు బిఎస్ 5609 అనే ప్రమాణం ఉంది. అందులో లేబుల్‌ను మూడు నెలలు సముద్రపు నీటికి వదిలి, తర్వాత చూస్తారు. యంత్రాల మీది గుర్తింపు, హెచ్చరిక లేబుళ్లకు యుఎల్ 969 ఉంది. అందులో మీ లేబుల్‌ను ఏ రకం ఉపరితలం మీద అంటిస్తారో కూడా లెక్కలోకి తీసుకుంటారు. గుమస్తా గారి వాదనకు ఇది బలమే.

గోదాము గుమస్తా:
ఆ ఏళ్ల లెక్కలో ఇంకో కిటుకు ఉంది. ఆ సంఖ్య సాధారణంగా నిలువుగా ఉన్న ఉపరితలానికి చెబుతారు. పడుకోబెట్టిన మూత మీద ఎండ నేరుగా పడుతుంది కాబట్టి ఆయుష్షు బాగా తగ్గుతుంది. అచ్చు రంగు సంగతీ మరవకండి. నలుపు చాలా కాలం నిలుస్తుంది. పసుపు, మజెంటా ముందు వెలుస్తాయి, ఆ రెంటితో తయారయ్యే ఎరుపే హెచ్చరికలకు వాడతాం, చూడండి మన ఖర్మ! అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే లామినేషన్, అంటే పారదర్శకమైన పైపొర, లేకుండా ఎర్ర హెచ్చరిక అచ్చు వేయించకండి.

అచ్చుశాల:
ఇక్కడ మాత్రం గుమస్తా గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. సాల్వెంట్ (ఆవిరయ్యే ద్రావకం) కలిసిన సిరాతో అచ్చువేస్తే లామినేషన్‌కు ముందు కనీసం ఒక రోజు ఆరనివ్వాలి. తొందరపడి వేస్తే లోపల మిగిలిన సాల్వెంట్ జిగురును మెత్తబరుస్తుంది, అంచులు లేస్తాయి. ఆ నింద మళ్లీ ఫిల్మ్ మీదే పడుతుంది. కాస్ట్ ఫిల్మ్ మీద క్యాలెండర్డ్ లామినేషన్ వేసేవారూ ఉన్నారు. పైపొర ముడుచుకుని కింది పొరను కూడా చుట్టేస్తుంది.

పంపులవాడు:
మూడు వారాల తర్వాత వచ్చాను. మీ వాదనలన్నీ ముందు పెట్టుకుని పది మూతల మీద ప్రయత్నించాం. అంటించే ముందు అయిసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాం. గుడ్డకు జిడ్డు వచ్చింది! మూతలు పోత పోసే మూసలోంచి మూత సులువుగా ఊడిరావడానికి మావాళ్లు ఒక నూనె చల్లుతారట. ఇన్నాళ్లూ మేము ఆ నూనె మీదే అంటిస్తూ వచ్చామన్నమాట. ఇది నాకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

పాత స్టిక్కర్‌ను శుభ్రం చేసిన మూత మీద గట్టిగా రుద్ది అంటించి, మూడు రోజులు వదిలేశాం. తర్వాత ఎండలో ఒక పూట, ఫ్రిజ్‌లో ఒక రాత్రి చొప్పున వారం తిప్పాం. అయిదింటిలో రెండింటికి మూలలు లేచాయి. ఎక్కువ పట్టున్న జిగురుతో చేసిన పాలిమెరిక్ క్యాలెండర్డ్ (ప్లాస్టిసైజర్ అంత సులువుగా బయటికి రాని) రకం మరో అయిదింటికి వేశాం. ఒక్కటీ లేవలేదు. పీకబోతే పొర చిరిగింది గానీ జిగురు వదల్లేదు. కాస్ట్ ఇంకా తీసుకోలేదు. వరుస సంఖ్యకు పాలియెస్టర్ నమూనాలు తెప్పిస్తున్నాను.

అచ్చుశాల:
వారం రోజుల పరీక్ష ముడుచుకోవడాన్ని పూర్తిగా చూపించదు. వచ్చే వేసవి దాటాక చెప్పండి. కోణంగా ఉన్న మూల సులువుగా లేస్తుంది, లేచిన ఆ రెండింటి మూలలు కోణంగా ఉన్నాయా, గుండ్రంగా ఉన్నాయా?

పంపులవాడు:
కోణంగానే ఉన్నాయి. కొత్త అచ్చుకు మూలలు గుండ్రం చేయమని ఇప్పుడే ఫోను చేశాను.