ఇంటి పరిస్థితి పిల్లల చదువును ఎంతవరకు నిర్ణయిస్తుంది?

ప్రశ్న (ఉన్నత పాఠశాల ఉపాధ్యాయిని, నారాయణపేట జిల్లా):

మా పాఠశాలలో ఆరో తరగతిలో చేరే పిల్లలందరికీ పాఠ్యపుస్తకాలు, యూనిఫారం, మధ్యాహ్న భోజనం ఒకే విధంగా అందుతాయి. పాఠం చెప్పే ఉపాధ్యాయులూ అందరికీ వారే. అయినా దసరా సెలవులు గడిచేసరికి తరగతి రెండుగా చీలిపోతున్నది. ఇంట్లో చదువుకున్నవారు ఒక్కరైనా ఉన్న పిల్లలు ముందుకు సాగుతున్నారు. తల్లిదండ్రులు బతుకుదెరువు కోసం ముంబయికో పుణెకో వలస పోగా అవ్వాతాతల దగ్గర మిగిలిన పిల్లలు పాఠం అందుకోలేకపోతున్నారు. ఈ తేడాకు మేము రాసే కారణం మాత్రం పిల్లలకు శ్రద్ధ లేదనే. పాఠశాల తనంతట తాను ఈ అంతరాన్ని తగ్గించగలదా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1 (విద్యాశాస్త్ర పరిశోధక విద్యార్థి, హైదరాబాద్):

మేడమ్ గారూ, ఈ ప్రశ్నపై తొలి పెద్ద అధ్యయనం అమెరికాలో 1966లో సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కోల్‌మన్ బృందం వెలువరించిన నివేదిక. దాదాపు 6 లక్షల మంది విద్యార్థుల వివరాలను పరిశీలించి, పిల్లల ఫలితాల్లోని తేడాలకు బడి భవనాలు, ఖర్చుల కంటే కుటుంబ నేపథ్యమే ఎక్కువ కారణమని ఆ బృందం తేల్చింది. దీన్ని చదివి, బడి వల్ల ఒరిగేదేమీ లేదని చాలామంది అర్థం చేసుకున్నారు. అది సరికాదని నా అభిప్రాయం. 1983లో హేనిమన్, లాక్స్‌లీ అనే పరిశోధకులు 29 దేశాల సమాచారాన్ని పోల్చి, దేశం ఎంత పేదదైతే అక్కడ పిల్లల చదువుపై బడి, ఉపాధ్యాయుల ప్రభావం అంత ఎక్కువగా కనిపిస్తున్నదని చూపారు. ఇంట్లో పుస్తకమే లేని బిడ్డకు బడి తప్ప మరో ఆధారం లేదు కాబట్టి ఇది సహజమే.

ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త పియర్ బోర్దియో వాదన మీ తరగతికి మరింత దగ్గరగా ఉంటుంది. బడి తాను నేర్పని భాషను, నడవడిని, పెద్దలతో మాట్లాడే ధైర్యాన్ని పిల్లలందరి నుంచీ ఆశించి, అవి ఇంటి నుంచి తెచ్చుకున్నవారిని తెలివైనవారిగా గుర్తిస్తుందని ఆయన అన్నారు. హోంవర్కు ఇచ్చి, డైరీలో సంతకం చేయించుకు రమ్మని చెప్పే ప్రతిసారీ మనం చదువు వచ్చిన, సాయంత్రం తీరిక ఉన్న తల్లిదండ్రులు ప్రతి ఇంట్లో ఉన్నారనుకొనే చెబుతున్నాం. ఇంట్లో చూపించేవారు లేనప్పుడు స్తోమత గలవారు ట్యూషన్‌కు పంపుతారు, లేనివారి బిడ్డ ఖాళీ నోటుపుస్తకంతో తిరిగి వస్తుంది. శిక్ష ఆ బిడ్డకే పడుతుంది.

జవాబు 2 (గురుకుల పూర్వ విద్యార్థి, నల్లగొండ):

1971లో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేలులో మొదలైన గురుకుల విద్యాలయం నాటి నుంచి మన దగ్గర దీనికి దొరికిన బలమైన సమాధానం వసతితో కూడిన చదువే. సాయంత్రం స్టడీ అవర్‌లో సందేహం తీర్చే ఉపాధ్యాయుడు పక్కనే ఉంటే, ఇంట్లో ఎవరూ చదువుకోకపోవడం పెద్ద అడ్డంకి కాదు. మా ఇంట్లో బడి ముఖం చూసిన మొదటివాణ్ని నేనే, కాబట్టి ఈ మాట నమ్మకంగా చెబుతున్నాను. అయితే ఐదో తరగతి ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టించాలన్నా, ఆదాయ, కుల ధ్రువపత్రాలు సకాలంలో తెప్పించాలన్నా ఇంట్లో ఎవరో ఒకరు పూనుకోవాలి. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 12(1)(సి) ప్రకారం ప్రైవేటు బడుల్లో పేద, బలహీన వర్గాల పిల్లలకు కేటాయించాల్సిన 25 శాతం సీట్లకూ ఇదే ఇబ్బంది. తల్లిదండ్రులు వలసలో ఉన్న బిడ్డ తరఫున ఆ కాగితాల బాధ్యతను బడే తీసుకోవాలి.

జవాబు 3 (ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు, ఉట్నూరు, ఆదిలాబాద్ జిల్లా):

మా దగ్గర అంతరం ఒకటో తరగతిలోనే మొదలవుతుంది. ఇంట్లో ఆదివాసీ భాష గోండి మాట్లాడే బిడ్డకు తెలుగే కొత్త భాష, ఇంగ్లిషు మీడియం దానిపై మరో భారం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, కొలామి, సవర తదితర 8 భాషల్లో తొలి తరగతుల బోధన ప్రారంభించారు. మాతృభాషలో అక్షరం పట్టుబడిన తరువాతే తెలుగుకు రావాలన్న ఆ పద్ధతిని గట్టిగా కొనసాగించి ఉండాల్సింది.

ప్రశ్న అడిగినవారి స్పందన:

అందరికీ ధన్యవాదాలు. హోంవర్కును బడి వేళల్లోనే, చివరి పీరియడ్‌లో పూర్తి చేయించాలని ప్రధానోపాధ్యాయులతో మాట్లాడతాను. నాలుగో తరగతి పిల్లల గురుకుల దరఖాస్తుల కోసం ఊళ్లోని ప్రాథమిక పాఠశాలతో కలిసి పనిచేస్తాం. వలస కుటుంబాల పిల్లల కోసం ప్రభుత్వ పాఠశాల విద్యా పథకమైన సమగ్ర శిక్ష కింద నడిచే సీజనల్ హాస్టల్‌కు మండలం నుంచి ప్రతిపాదన ఎప్పుడు, ఎవరికి పంపాలో తెలిసినవారు దయచేసి వివరంగా రాయండి.